మేస్త్రీగారి మూడో మెట్టు

మా బావగారు నలభై ఏళ్ళు టైల్స్ మేస్త్రీగా పనిచేసి రిటైరయ్యారు. ఎవరింటికి వెళ్ళినా ఆయన ముందు మనుషుల్ని పలకరించరు, నేలని పలకరిస్తారు. చెప్పులు విడిచీ విడవగానే బొటనవేలితో టైల్స్ మధ్య జాయింటు తడిమి, "ఎవరు వేశారండీ ఇది?" అని అడుగుతారు. ఆ గొంతు వినగానే ఇంటివాళ్ళ మొహం వాడిపోతుంది. కాఫీ ఇచ్చాక కూడా ఆయన చూపు గోడ మూలమీదే ఉంటుంది. అందుకే ఆయన్ని రెండోసారి పిలిచేవాళ్ళు తక్కువ.

"నేను వేసిన టైల్స్ కిందికి నీటి చుక్క దూరదు" అనేది ఆయన మాట. ఈ మాట నేను ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. నేను ఆయనకు మరదల్ని. వాళ్ళింటి పై వాటాలోనే ఉంటూ, కిటికీ పక్కన కుట్టు మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంటాను. నోరు కాస్త దురుసని పేరుంది. ఆ పేరు పెట్టింది కూడా బావగారే.

రెండేళ్ళ కిందట అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది. గాయం మానాక రోజూ నీళ్ళలో నడిపించమని డాక్టరు చెప్పారు. నీళ్ళలో బరువు తెలియదట, మోకాలు అలవాటు పడుతుందట. ఇంకొకరైతే ఏ క్లబ్బులోనో చేర్పించేవారు. బావగారు మర్నాడే పెరట్లో టేపు పట్టుకుని కనిపించారు. గుంత తవ్వించి, కాంక్రీటు పోయించి, టైల్స్ మాత్రం పక్కన ఎవర్నీ నిలబడనివ్వకుండా తన చేత్తోనే వేశారు. ఛాతీలోతు నీళ్ళు, పదహారు అడుగుల పొడవు. అక్క దాన్ని గుంట అంటుంది. బావగారు పూల్ అంటారు. వీధిలోవాళ్ళు మాత్రం మేస్త్రీగారి పిచ్చి అనేవాళ్ళు.

కానీ అక్క నడిచింది. గది దాటడానికి గోడ పట్టుకునే మనిషి, నీళ్ళలోకి దిగగానే నడుం మీద చెయ్యి వేసుకుని, ఎవరితోనో పోట్లాటకు వెళుతున్నట్టు నడిచేది. పొద్దున్నే నలభై సార్లు అటూ ఇటూ. పైనుంచి చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చేవి. సూది వేల్లో గుచ్చుకునేది కూడా.

ఇక బావగారి సేవ చూడాలి. తన బీపీ ఎంతో ఆయనకు తెలియదు గానీ, పూల్ నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పొద్దున జాలీతో ఆకులు తీయడం, గోడలకు బ్రష్షు కొట్టడం, ఫిల్టరు కడగడం, చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి రంగు చుక్కలు వేసి వెలుతురుకు ఎత్తి చూడటం. ఒకసారి నేను కుట్టిన చొక్కా జేబు అదే పద్ధతిలో వెలుతురుకు ఎత్తి చూసి, "కుట్టు వదులుగా ఉంది మరదలా" అన్నారు. వారం రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు.

ఇంతా చేస్తే, పూల్లో నీళ్ళు తగ్గడం మొదలైంది. రోజుకి రెండు వేళ్ళ మందం.

"బావగారూ, ఎక్కడో కారుతోంది" అన్నాను.

"కారడం కాదు. ఎండ. ఆవిరైపోతోంది."

"మూడు రోజులుగా ఎండే లేదు కదా."

"అయితే గాలి" అన్నారు.

గాలిమీద ఇంకో నెల గడిచింది. ఆ తర్వాత వెనకింటి టీచరమ్మ గోడమీదుగా తల పెట్టింది. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది, మొత్తం వీధినే ఇంకా క్లాసుగా చూస్తుంది. వాళ్ళిల్లు మాకన్నా పల్లంలో ఉంది. వాళ్ళ గదిలో మా వైపు గోడ చెమ్మ ఎక్కిందట. ఊరికే చెబితే ఆవిడ టీచరమ్మ ఎందుకవుతుంది? రోజూ ఆ మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి తేదీ వేసింది. మమ్మల్ని లోపలికి పిలిచి చూపించింది. పదకొండు గీతలు, పదకొండు తేదీలు.

"వచ్చే ఆదివారం దాకా టైమిస్తున్నా మేస్త్రీగారూ. ఈ మరక ఆగాలి. ఆగకపోతే మున్సిపాలిటీకి ఉత్తరం రాస్తా. వాళ్ళొచ్చి మీ పూల్ మట్టితో పూడ్పించి వెళతారు."

బావగారు ఆ మరకను చూడలేదు. కింద నేల చూసి, "ఈ టైల్స్ ఎవరు వేశారండీ?" అన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

అక్క ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. "పూడిస్తే పూడ్చనీ. గుంటే కదా" అంది. అని, మోకాలి మీద చెయ్యి వేసుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. అది చూశాక నాకు ఒళ్ళు మండిపోయింది. బావగారిని అడగకుండానే పూల్ మెకానిక్‌కి ఫోన్ చేశాను.

వచ్చినాయన సన్నగా, నిదానంగా ఉన్నాడు. ఎంత నిదానమంటే, గేటు తీయడానికే ఆలోచించాడు. పూల్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఒక బకెట్ అడిగాడు. పూల్ నీళ్ళతోనే దాన్ని ముప్పావు వంతు నింపి, పై మెట్టు మీద నీళ్ళలోనే నిలబెట్టాడు. బకెట్ లోపల నీటిమట్టం దగ్గర ఒక గీత, పూల్ గోడమీద నీటిమట్టం దగ్గర ఒక గీత పెట్టాడు.

"ఎండకైనా గాలికైనా రెండూ సమానంగా తగ్గుతాయి. బకెట్ కన్నా పూల్ ఎక్కువ తగ్గితే లీకేజీ ఉన్నట్టే. రేపు ఇదే టైముకి వస్తా. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు."

"మా ఇంట్లో ఎవరు ముట్టుకుంటారయ్యా" అన్నారు బావగారు.

మర్నాడు మెకానిక్ వచ్చి వంగి చూశాడు. మోకాళ్ళమీద కూర్చుని మళ్ళీ చూశాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని మూడోసారి చూశాడు.

"సార్, ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదు" అన్నాడు. "పూల్ రెండు వేళ్ళు పెరిగింది. బకెట్ జానెడు తగ్గింది. దీన్నిబట్టి చూస్తే పూల్ బాగానే ఉంది, బకెట్టే కారుతోంది."

బావగారు గంభీరంగా బకెట్ ఎత్తి, ఉన్న నీళ్ళు పారబోసి, అడుగు తిప్పి వెలుతురుకు పట్టి చూశారు. "అవును, ఈ బకెట్ పాతదే" అన్నారు.

మా ఇంట్లో అబద్ధం చెప్పడం ఎవరికీ చేతకాదు. అలాగని నిజం అడగ్గానే చెప్పేవాళ్ళమూ కాదు. మెకానిక్ ఒక్కొక్కరి మొహం వంకా చూస్తూ నిలబడ్డాడు. ఆ నిదానానికి మొదట లొంగిపోయింది నేనే.

"నేను మధ్యాహ్నం నాలుగు మగ్గులు తీసేశాను" అన్నాను. "బకెట్ కూడా తగ్గితే ఎండే అనుకుంటారు, పూల్ ఉండిపోతుంది, అక్క నడుస్తుంది అని."

బావగారు గొంతు సవరించుకున్నారు. "నేనూ సాయంత్రం ఒక నాలుగు తీశాను" అన్నారు.

అందరం అక్క వైపు తిరిగాం. అక్క కొంగు సర్దుకుంది. "నేను బకెట్ జోలికి పోలేదు. పూల్లోకి పైపు పెట్టాను. రోజూ మీరు లేవకముందు ఒక అరగంట పెడుతూనే ఉన్నా. నిన్న పెట్టి మర్చిపోయాను" అంది.

అంటే రోజుకి రెండు వేళ్ళు తగ్గుతోందని మేం బెంగపడుతున్నది అక్క అరగంట నింపిన తర్వాతి లెక్క. అసలు ఎంత పోతోందో తలుచుకుంటే, టీచరమ్మ గోడ ఇంకా నిలబడి ఉండటమే గొప్ప.

మెకానిక్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. మోటారు ఆపించి, నీళ్ళు కదలకుండా నిలిచేదాకా ఆగి, కేకుల్లో వేసే ఎర్ర రంగు ఒక సిరంజిలోకి ఎక్కించాడు. అనుమానం ఉన్న చోట ఒక చుక్క వదిలితే, చిల్లి లేకపోతే రంగు అక్కడే మబ్బులా నిలుస్తుంది. ఉంటే ఆ చిల్లి రంగుని లోపలికి లాక్కుంటుంది. లైటు దగ్గర వదిలాడు, నిలిచింది. పైపు మూతి దగ్గర వదిలాడు, నిలిచింది. నాలుగు మూలలూ అయ్యాయి. ప్రతి చుక్కకీ బావగారు "చూశావా" అంటూనే ఉన్నారు.

"ఇక మెట్లు చూద్దాం" అన్నాడు మెకానిక్.

"మెట్లెందుకు? మెట్లు బాగున్నాయి" అన్నారు బావగారు. అని, ఊరికే ఉండకుండా, ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగి మూడో మెట్టు మీద నిలబడిపోయారు. ఎక్కడ కారుతోందో అప్పుడే మా అందరికీ తెలిసిపోయింది.

"కాస్త జరగండి సార్."

"ఇక్కడేం లేదయ్యా."

"ఏవండీ" అంది అక్క. "జరగండి."

ఆయన జరిగారు. మూడో మెట్టు గోడకు ఆనుకునే చోట మెకానిక్ చుక్క వదిలాడు. ఎర్ర రంగు దారంలా సాగి, నా సూది బెజ్జంలోకి దారం వెళ్ళినంత నేరుగా జాయింటులోకి వెళ్ళిపోయింది. ఒక్క చుక్క కూడా మిగల్లేదు.

మెకానిక్ సిరంజి తుడుచుకుంటూ, "ఇది తర్వాత కట్టిన మెట్టులా ఉంది" అన్నాడు మెల్లగా.

అవును, తర్వాత కట్టినదే. మొదట పూల్‌కి రెండే మెట్లు. అక్క మొదటిసారి దిగినప్పుడు, రెండో మెట్టు నుంచి కిందికి కాలు అందలేదు. అక్కడే కూర్చుని ఏడ్చింది. బావగారు అప్పటికప్పుడు నీళ్ళన్నీ తోడించి, గోడ టైల్స్ కొట్టి, మూడో మెట్టు కట్టడం మొదలుపెట్టారు. ఇదంతా నాకు తెలుసు. తెలియనిది ఆయన అప్పుడు చెప్పారు.

"కొత్త సిమెంటుని ఏడు రోజులు తడుపుతూ ఉంచాలి. అప్పుడు గాని గట్టిపడదు" అన్నారు, నీళ్ళలోకి చూస్తూ. "నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఆరో రోజున కాలు పెడితే చెంప పగలగొట్టేవాణ్ణి. ఈవిడేమో రోజూ పొద్దున్నే టవల్ భుజాన వేసుకొచ్చి, 'ఇవాళ దిగొచ్చా?' అని అడిగేది. మొదటి రోజు కాదన్నా. రెండో రోజు కాదన్నా. మూడో రోజు కాదనలేకపోయా. నీళ్ళు వదిలేశా."

ముప్ఫై ఏళ్ళలో ఆయన మీద వెయ్యి మాటలు విసిరిన నేను, దండెం మీది తువ్వాలు తెచ్చి ఆయన చేతికిచ్చాను.

"నాకు తెలుసు" అంది అక్క. "ఆ మెట్టు మీద నిలబడితే మడమ దగ్గర నీళ్ళు లాగుతున్నట్టు ఉండేది. చెబితే మీరు బాధపడతారని పైపు పెట్టేదాన్ని."

నీళ్ళు తోడేశారు. మెట్టు కొట్టేసింది బావగారే, మెకానిక్‌ని సుత్తి ముట్టుకోనివ్వలేదు. కొత్తది కట్టి, గోనె సంచులు కప్పి, పొద్దునా సాయంత్రం తడపడం మొదలుపెట్టారు. పూల్ మొత్తం ఎండిపోయి, ఆ ఒక్క మెట్టే తడిగా ఉండేది. ఆదివారం టీచరమ్మ ఆ రోజు గీత గీయబోయి, మరక పాత గీత లోపలికి జరిగిందని గోడమీదుగా చెప్పింది. "ఇంప్రూవ్‌మెంట్ కనిపిస్తోంది. ఉత్తరం ఆపుతున్నా" అంది. ఆవిడ నోట అంతకన్నా మంచి మాట వీధిలో ఎవరూ విని ఉండరు.

నీళ్ళు లేవని అక్క నడక మానకూడదు కదా. బావగారు ఆవిడ చెయ్యి పట్టుకుని పూల్ గట్టు చుట్టూ నడిపించేవారు. మొదటి రోజు నాలుగు చుట్లకే అక్క మొహం పాలిపోయింది. ఐదో రోజుకి పది చుట్లు నడిచింది, దారి పొడుగునా ఆయన్ని తిడుతూ. "అంత గట్టిగా పట్టుకుంటే ఎలా నడవాలి? మోకాలు బాగుపడేలోగా మోచెయ్యి విరిగేలా ఉంది" అనేది. ఆయన పట్టు వదల్లేదు.

ఎనిమిదో రోజు పొద్దున అక్క టవల్ భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చింది. బావగారు మెట్టు మీది సంచులు తడుపుతున్నారు.

"ఏడు రోజులూ అయ్యాయిగా. ఇవాళ దిగొచ్చా?"

"కుదరదు. ఇంకో నాలుగు రోజులు."

"అదేంటి? ఏడే అన్నారుగా!"

బావగారు తలెత్తలేదు. మగ్గుతో ఇంకో చుట్టు నీళ్ళు పోసి, "పోయినసారి నీకోసం నాలుగు రోజులు తగ్గించా" అన్నారు. "ఈసారి అవి కూడా కలుపుతున్నా. దీనిమీద నువ్వు ఇంకా చాలా ఏళ్ళు దిగాలి."

పైన కిటికీ దగ్గర నేను మిషను ఆపేశాను. అక్క టవల్ తీసి గోడమీద వేసింది.

"అయితే ఆ మగ్గు అక్కడ పెట్టి రండి, నడుద్దాం" అని చెయ్యి చాపింది. "గట్టిగానే పట్టుకోండి."