ముద్దకో కన్నీటిచుక్క

2022లో నా ఫిజియోథెరపీ క్లినిక్ ఫిల్మ్‌నగర్‌లో, ఒక డబ్బింగ్ స్టూడియో కింద ఉండేది. అక్కడికి వచ్చిన రాజ్యంగారు సీరియళ్లలో అమ్మ వేషాలు వేస్తారు. సొంతూరు భీమవరం, ఉండేది కృష్ణానగర్. ఆటో బోల్తాపడి చెవి వెనక ఎముక విరిగింది. ముఖాన్ని కదిపే ఫేషియల్ నర్వ్ నలిగి, ఎడమ సగం పడిపోయింది. నరం మళ్లీ పెరుగుతుంది, కానీ మహా అయితే రోజుకో మిల్లీమీటరు. నెలలు గడిచాక నవ్వు తిరిగొచ్చింది, వేషమూ తిరిగొచ్చింది. నేను తెగ మురిసిపోయాను.

అంతలో ఒకరోజు మండిపడుతూ వచ్చారు. "ఏంటమ్మా ఇది? ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, ఎడమ కన్ను కారిపోతోంది!"

దీన్ని క్రోకడైల్ టియర్స్, అంటే మొసలి కన్నీళ్లు అంటారని చెప్పాను.

"అంటే నావి దొంగేడుపులంటావా?" అని కస్సుమన్నారు.

నవ్వాపుకుని వివరించాను. నోరూరించే పోగులూ, కన్నీళ్లు తెప్పించే పోగులూ ఆ నరంలో కొంతదూరం కలిసే నడుస్తాయి. మళ్లీ పెరిగేటప్పుడు దారి తప్పి, నోటికి చేరాల్సినవి కంటికి చేరాయి. క్యారేజీ వేళకే బయల్దేరింది, పక్కింట్లో దిగింది.

"వెనక్కి పిలవలేమా?"

"లేమండీ. కంటి డాక్టరు ఇంజెక్షన్‌తో కొన్నాళ్లు ఆపగలరు. ఈలోగా యూనిట్‌లో చెప్పేయండి."

"జబ్బని తెలిస్తే వేషం పీకేస్తారమ్మా."

చెప్పలేదు. సెట్లో అందరూ కలిసి తింటుంటే, ఆవిడ ప్లేటు పట్టుకుని వ్యాను వెనక్కి పోయేవారు. ఎవరో ఆ కన్నీళ్లు చూశారు. ఇంట్లో ఏదో ఘోరం జరిగిందని గుసగుసలు లేచాయి. డైరెక్టరు మంచివాడే పాపం, ఆవిడకి విశ్రాంతిద్దామని ఆ పాత్రని తీర్థయాత్రకి పంపుదామనుకున్నాడు. సీరియళ్లలో తీర్థయాత్రకెళ్లిన అమ్మలు తిరిగిరారు.

ఆ మాట చెవిన పడగానే రాజ్యంగారు నన్ను వెంటబెట్టుకుని సెట్‌కి వెళ్లారు. భోజనాల దగ్గర అందరి మధ్యా కూర్చున్నారు. కన్నీళ్లు కారానికే అనుకుంటారని ఆవకాయ ముట్టలేదు. పప్పన్నం ముద్ద పెట్టుకోగానే ఎడమ కన్ను ధారకట్టింది.

"ఇదేనయ్యా నా ఇంట్లో జరిగిన ఘోరం" అన్నారు.

నరం దారి తప్పిన సంగతి నేను చెప్పాను. డైరెక్టరు వినగానే, "గింత దానికే గంత పరేషానా అమ్మా? తినే సీన్లుంటే కెమెరా కుడి దిక్కు పెడ్తం. మీరైతే ఈడ్నే కూసొని తినుండ్రి" అన్నాడు. ఆవిడ్ని కెమెరా ముందు రోజూ తిట్టిపోసే విలన్ వేషం అమ్మాయి, తన కొంగుతో ఆ కన్ను తుడిచి ఇంకో గరిటె పప్పు వేసింది. నాకూ ఏడుపొచ్చింది, రెండు కళ్లకీ.

దారి తప్పిన నరాన్ని నేను మళ్లించలేకపోయాను. ఇప్పుడు ముఖం కోలుకుంటున్న ప్రతి ఒక్కరినీ, నమలగలుగుతున్నారా అని అడిగాక ఇంకో మాటా అడుగుతాను: "ఎవరితో కూర్చుని తింటున్నారు?"

చాలామంది తల దించుకుని, "ఒంటరిగానే" అంటారు.