నా చెంప జోలికి రాకుండ్రి

మా దిక్కు పెద్దోళ్లు ఆడపిల్లను ముద్దుచేస్తే ఉత్త మాటతోని ఇడిసిపెట్టరు. రెండు చేతులు తెచ్చి మన చెంపల మీదికెల్లి కిందికి దూస్తరు. మల్ల గా చేతులే వాళ్ల కణతలకు ఒత్తుకోని పటపట మెటికలు ఇరుస్తరు. దిష్టి పోయినట్టన్నట్టు. చిన్నప్పుడు నాకు మస్తు ఇష్టముండె. ఇప్పుడు ఎవరన్న ముసలామె చేతులు లేపుకుంట నా దిక్కు వస్తుంటె రెండడుగులు ఎనకకు జరుగుత.

నాకు కుడి చెంపల నొప్పి. నొప్పి అంటె మామూలు నొప్పి గాదు. తడిచేత్తోని స్విచ్ ముట్టుకుంటె కొడతది సూడు, గట్ల చెవి ముంగటికెల్లి పెదవి దాక సర్రున కొడతది. జర సేపే. మల్ల ఎప్పుడు కొడతదో తెల్వది. గాలి తగిల్తె కొడతది, బ్రష్ పెడితె కొడతది, అన్నం నమిలితె కొడతది. మాట్లాడితె కొడతది.

మాట్లాడకుంటె నా బతుకే లేదు. నేను గాజుల దుకాణంల పనిజేస్త. దుకాణం మా గల్లీల ఉండే ముస్లిం ఆమెది, పిన్ని లెక్క అందరం ఖాలా అంటం. మట్టిగాజులు తొడగాలంటె చేతులకంటె నోరు ముఖ్యం. "మీ చెల్లె పెండ్లెప్పుడు, మీ అత్త ఎట్లున్నది" అని ముచ్చట పెడుతుంటె అవుతలి మనిషి చెయ్యి వదులైతది, గాజు జర్రున ఎక్కుతది. నోరు మూసుకోని తొడిగితె చెయ్యి బిగుసుకుంటది, గాజు పటుక్కుమంటది. ఎవరికన్న చేతిమీద గాజు పలిగితె మంచిగనిపిస్తదా? నొప్పి మొదలైనంక నేను మాటలు మింగుడు షురూ చేసిన, గాజులు పలుగుడు షురూ అయింది. ఒకనాడు ఖాలా మెల్లగ "బేటీ, పండుగ సీజన్ వస్తుంది. నీకు చాతకాకుంటె ఇంకో పిల్లను సూసుకుంట" అన్నది.

మా అత్తమ్మ ఏమో, "పన్నే బిడ్డా. పీకిపిస్తె పోతది. నాకు గట్లనే పోయింది" అన్నది. నాకూ పన్నే అనిపించింది. నొప్పి ఎక్కడ అంటె పన్నే సూపిస్తుంటి మరి. పండ్ల డాక్టర్ లైట్ ఏసి సూసి, "బాగానే కనవడుతుంది గానీ, నొప్పి అంటున్నవ్ కద" అని పీకిండు. నొప్పి పోలే. దాని పక్క పన్ను కూడా పీకిండు. అదీ స్టీలు ట్రేల పడ్డది. తెల్లగ, మక్కగింజ లెక్క. ఎక్కడ సూసినా ఒక్క మచ్చ లేదు. ఆ ట్రేల పన్ను, దాని సుట్టు నెత్తురు, పక్కకు నేను ఉమ్మిన దూది. థూ, ఇప్పటికీ కండ్లముంగట్నే ఉన్నది. నొప్పి మాత్రం ఉన్నకాడ్నే ఉన్నది. "ఇంకోటి సూద్దాం, వచ్చే వారం రా" అన్నడు.

ఆ వారంల నా మీద పడని మందు లేదు. అత్తమ్మ తంబాకు, సున్నం నలిపి చెంపకు పట్టేసింది. వేళ్లు తగలంగనే నేను ఒర్లిన. ఆమె "ఆగు, పనిజేస్తుంది" అన్నది. ఊదుతె తగ్గుతదని ఎవరో చెప్తె ఒకాయన దగ్గరికి కూడా తోల్కపోయింది. ఆయన నోటినిండ పాన్. ఫూ అని ఊదిండు. నా మొఖం మీద ఎర్ర తుంపర్లు! దానికి తోడు ఊదిన గాలికే చెంపల కరెంటు కొట్టింది. ఏడ్వాల్నా, కక్కాల్నా తెల్వలే. ఆయనేమో, "సూసినవా, లోపల ఉన్నది కదులుతుంది" అన్నడు. నీ పాన్ కదులుతుంది నాయనా, అననీకి నోరు తెరుస్తె మల్ల కొడతదని ఊకున్న.

ఇంగ నా నోరు సంగతి చెప్పద్దు. బ్రష్ లేదు. నీళ్లు పుక్కిలిస్తె కూడా భయం. నా వాసన నాకే వస్తుండె. ఉత్త జావ తాగి తాగి దాన్ని సూస్తెనే ఓకారం. ఎండకాలంల మంకీ క్యాప్ పెట్టుకోని పోతుంటె చౌరస్తాల పోరగాళ్లు నవ్వుడు. మా ఆయన అయితె, "నువ్వు మాట్లాడకుంటె ఇల్లు సల్లగున్నది" అన్నడు. జోకంట. నాకు చీదర లేసింది. ఆయన మీద, నా మీద, అందరి మీద.

మూడో పన్నుకు పోవాల్సిన ముందటి రోజు దుకాణంల ఒక పెద్దమ్మ గాజులు కొనవచ్చింది. నాకు చిన్నప్పటి సంది తెలుసు. "ఏందే పిల్లా, గిట్ల సిక్కిపోయినవ్" అని రెండు చేతులు చెంపల మీదికెల్లి దూసింది. నేను అట్లనే కుప్పకూలిన. నా చేతులల్ల ఉన్న డజను గాజులు నేల మీద పడి ముక్కలైనయి. పెద్దమ్మ బెదిరి, "నేనేం చేసిన! ముద్దే కద చేసిన!" అని ఏడుపందుకున్నది.

ఖాలా షట్టర్ సగం దించింది. "పన్ను నొప్పికి ముట్టుకుంటెనే ఎవరన్న పడిపోతరా? లే. పన్ను గిన్ను ఏం లేదు, దవాఖానకు నడువ్" అని ఆటోల ఎక్కించింది. సర్కార్ దవాఖానల లేడీ డాక్టర్ నా నోట్ల సూడలే. "గాలికి వస్తదా? మొఖం కడిగితె వస్తదా? మధ్యల అస్సలుండదా?" అన్నది. ఒక్కొక్కటి అడుగుతుంటె తలకాయ ఊపిన, కండ్లల్ల నీళ్లు కారినయి. డాక్టర్లల్ల నన్ను నమ్మింది గామె ఒక్కతే. "పన్ను పీకనియ్యకు" అని హైదరాబాదు నరాల డాక్టర్‌కు రాసిచ్చింది.

హైదరాబాదు పోయే బస్సుల కిటికీ అద్దం మూసుకోదు. అత్తమ్మ తన కొంగు తీసి దారిపొడుగూత కిటికీకి అడ్డం పట్టుకోని కూసున్నది. నన్ను మాత్రం ముట్టలే. అక్కడ స్కాన్ తీసిన్రు. మొఖంల నరాన్ని ఒక రక్తనాళం ఒత్తుతుందంట, ముందుగల్ల గోలీలతోని సూద్దాం, తగ్గకుంటె ఆపరేషన్ అన్నరు. గోలీలు ఫిట్స్‌కు ఇచ్చేటియే. మెడికల్ షాపుల గా మాట ఇని అత్తమ్మ "మా కోడలికి ఫిట్స్ లేవు, గట్టిగ అనకు" అని షాపాయన మీద లేసింది.

వరండాల నా లెక్కనే చెంపకు చున్ని కట్టుకున్న అక్క ఒకామె కూసున్నది. ఆమె నన్ను సూసింది, నేను ఆమెను సూసిన. ఇద్దరం నోరు కదపకుంట నవ్వినం. ఆమె నన్ను వాట్సాప్ గ్రూపుల ఏసింది, అందరూ గిదే నొప్పోళ్లు. ఎవరికి ఎన్ని పండ్లు పోయినయో ఇంటె నా రెండు ఏ మూలకు. ఛీ అనిపిస్తది, ధైర్యం కూడా అనిపిస్తది. నొప్పి ఎక్కువున్న రోజు ఎవ్వరూ వాయిస్ పెట్టరు, టైపే చేస్తరు. టైప్ సూడంగనే మాకు అర్థమైతది.

గోలీలతోని ముందుగల్ల మత్తు. తాగినోని లెక్క గోడ పట్టుకోని నడిసిన. నెత్తురు పరీక్షలు మల్ల మల్ల. గానీ కరెంటు తగ్గింది. పోలే, తగ్గింది. మూడో పన్ను నా నోట్లనే ఉన్నది.

పండుగ సీజన్‌కు నేను దుకాణంలనే ఉన్న. గా పెద్దమ్మ మల్ల వచ్చింది. నన్ను సూడంగనే అలవాటుకు రెండు చేతులు లేసినయి. ఖాలా లోపలికెల్లి "పెద్దమ్మా, హాత్ మత్ లగావ్, ముట్టకు!" అని ఒర్లింది. అంతల్నే నేను ఆ లేసిన చేతులు రెండూ పట్టుకున్న. "చెంప కాదు పెద్దమ్మా, చేతులిటియ్యి. మీ చిన్నకోడలు పుట్టింటికెల్లి వచ్చిందా? మల్ల గొడవైందా?" అన్న. పెద్దమ్మ కోడలి ముచ్చట ఎత్తుకున్నది, నేను చెయ్యి ఒత్తుకుంట, మాట్లాడుకుంట గాజులు తొడిగిన. మధ్యల ఒకసారి సర్రుమన్నది. ఆగిన, మింగిన, మల్ల మాట్లాడిన. ఒక్క గాజు పలగలే.

పోయేటప్పుడు వాకిట్ల నిలబడి, దూరంకెల్లే గాలిల నా మొఖం దూసినట్టు దూసి, కణతలకు ఒత్తుకోని మెటికలు ఇరిసింది. కొత్త గాజులు గలగలమన్నయి. ఇరిసినంక "థూ థూ" అని గడప మీద ఉమ్మింది.

గా ఉమ్మి నేనే కడగాలె మల్ల.