లిఫ్టు పక్కన నా జాగా

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు, నా నోటికి జడిసి ఆ కారు తీసేశారని. నా నోటిని నేను తక్కువ చెయ్యను గానీ, అది అబద్ధం. మూడు నెలలు అరిచాను. కారు అంగుళం కదల్లేదు. కదిలినప్పుడు నేను పెదవి విప్పలేదు.

సెల్లార్‌లో లిఫ్టు పక్కనున్న ఆ పార్కింగ్ జాగా మా రిజిస్ట్రేషన్ కాగితంలో నంబరుతో సహా ఉంది. మా వారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక గానీ దాని విలువ తెలియలేదు. ఎదురింటి అబ్బాయి తన పెద్ద కారు తెచ్చి అందులో పెట్టేవాడు. నేను మా కారు కోకాపేట వెళ్లే రోడ్డు మీద ఆపి, వాకర్ పట్టుకున్న మనిషిని ర్యాంపు మీదుగా సెల్లార్‌లోకి నడిపించుకొచ్చేదాన్ని. నొప్పికి ఆయన పళ్లు బిగించేవారు. నాకు ఆ అలవాటు లేదు, నేరుగా వాళ్ల తలుపు కొట్టేదాన్ని.

"ఖాళీగ ఉంది కదా ఆంటీ, పెట్టిన. ఎవ్వరిదైతే ఏముంది?" అనేవాడు. నాకంటే ఆరేళ్లు చిన్న, నేను ఆంటీనట.

"మీ బెడ్‌రూమ్ కూడా పగలంతా ఖాళీయే కదా, నేనొచ్చి పడుకోనా?" అన్నాను. నవ్వి తలుపేసుకున్నాడు. లోపల వాళ్లమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ అన్నీ వినేది. ఒక్కరోజూ మాట కలపలేదు.

ఎండాకాలంలో ఒక శనివారం ఆవకాయకి మామిడికాయలు కొట్టడానికి కిందికి దిగాను. ఇంట్లో కొడితే కింది ఫ్లాటు కప్పు దద్దరిల్లుతుంది కనుక మా ఆడవాళ్లందరం ఆ పని సెల్లార్‌లోనే చేస్తాం. వెళ్లేసరికి ఎదురింటి పెద్దావిడ నా జాగా నట్టనడుమ చాప పరిచి, కత్తిపీట ముందేసుకుని కూర్చుని ఉంది. కొడుకు కారు తీసుకుని బయటికెళ్లాడట.

"రా బిడ్డా, ఈడ గాలాడ్తది," అంది.

కూర్చున్నాను. మరో ఇద్దరు వచ్చి చేరారు. గుడ్డతో తుడిచిన ముక్కలు పాత చీర మీద పరుచుకున్నాయి.

మధ్యాహ్నానికి కారొచ్చి హారన్ కొట్టింది.

"ఏంది ఆ మోత?" ఆవిడ తలెత్తలేదు. "దుమ్ము పడ్తే తొక్కు ఖరాబైతది. మన జాగల పెట్టుకోపో."

"అది రెండు పిల్లర్ల నడుమ ఉంది కదనే అమ్మా. బండి తిప్పుడు కష్టం."

"గట్లయితే కష్టపడు. మరి ఇది ఎవ్వరిది?"

అతను మా నలుగురినీ, కత్తిపీటనూ చూశాడు. "ఆంటీ వాళ్లది."

"జర గట్టిగ చెప్పు."

"ఆంటీ వాళ్లదే అమ్మా."

ముందుకీ వెనక్కీ తొమ్మిదిసార్లు తిప్పి, అద్దం మడిచి, చివరికి తన పిల్లర్ల మధ్య ఇరికించాడు. మేం కాయలు కొట్టడం ఆపి మరీ చూశాం.

ఆ సాయంత్రమే మా కారు తెచ్చి పెట్టాను. మా వారు దిగి లిఫ్టు దాకా పదకొండు అడుగులు వేశారు. సెల్లార్ అంతా వినబడేలా పైకే లెక్కపెట్టాను. అప్పటి నుంచి ఆ గీతల మధ్య ఇంకో బండి నిలవలేదు.

ఒక్కటే తేలలేదు. మా సెల్లార్‌లో గాలి వీచేది ర్యాంపు దగ్గర. లిఫ్టు పక్కన చెమట కూడా ఆరదు. ఆ సంగతి అడిగితే ఆవిడ "ఉప్పు సరిపోయిందా బిడ్డా?" అని మాట మార్చేస్తుంది. మూడు నెలలు అన్నీ విని ఊరుకున్న మనిషి, కొడుకు కారు ఎప్పుడు తీస్తాడా అని కాచుకుని కూర్చుందా?