దెయ్యమ్మ అడిగిన ఫోటో

ఫోటో స్టూడియో ఆయన భార్య ఎక్కడుంటుందని అడిగితే ఆ వీధిలో ఎవరూ చెప్పలేరు. దెయ్యమ్మ ఇల్లెక్కడంటే మాత్రం చంటిపిల్లలు కూడా చూపిస్తారు. మొగుడి పుణ్యమా అని వచ్చిన పేరది.

పెళ్ళి ఫోటోలతోనే ఇల్లు గడుస్తున్నా, ఆయన మనసంతా శ్మశానంలోనే ఉండేది. భార్య ముఖానికి పిండి పూసి, కళ్ళ కింద మసి రాసి కుర్చీలో కూర్చోబెట్టేవాడు. కెమెరా మూత తీసి, పలక మీద బొమ్మ పడుతుండగా సగంలో "తప్పుకో" అనేవాడు. ఆమె చప్పున పక్కకు పోయేది. మిగతా సగంసేపూ ఖాళీ కుర్చీయే గాజుపలక మీద పడేది. కడిగి చూస్తే ఆమెలోంచి కుర్చీ కనిపించేది. ఆయనగారి కళ మండిపోను, జనం ఎగబడి కొన్నారు.

అవి చూసి సినిమావాళ్ళు వచ్చారు. అప్పటి సినిమాలకు నోరు లేదు, ముఖం ఉంటే చాలు. ఆమె గోడలోంచి వస్తుంటే హాలంతా కెవ్వుమంది. తెర మీద పేరు మాత్రం ఆయనది. పాలవాడు కూడా "దెయ్యమ్మా, గిన్నె పట్టు, నన్ను పట్టకు" అని ఇకిలించేవాడు. ఆమె నవ్వేది గాని, లోపలికొచ్చి గిన్నె ఠంగుమని పెట్టేది.

కూతురు కాపురానికి వెళుతుందనగా ముందురోజు, ఆమె మొదటిసారి నోరు విప్పి అడిగింది.

"అమ్మాయితో నాకో ఫోటో తియ్యండి. మామూలుది. మనిషిలా కనపడాలి."

"ఊరికే పలక దండగ" అని గొణుగుతూనే ఒప్పుకున్నాడు.

ఆమె ముఖం రుద్ది రుద్ది కడుక్కుని కూర్చుంది. కూతురు పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన మూత తీశాడు. సగంలో అలవాటు కొద్దీ నోరు జారాడు.

"తప్పుకో."

ఆమె లేచిపోయింది. ఆ మాట వింటే కాళ్ళు ఆమెను అడగవు. కదలొద్దన్నారు కదా అని కూతురు మాత్రం అలాగే నిలబడింది.

మర్నాడు ఫోటో చేతికొచ్చేసరికి బండి వాకిట్లో ఉంది. కూతురు నిక్షేపంలా పడింది. తల్లి పొగలా పడింది.

"మళ్ళీ తియ్యండి" అందామె.

"మళ్ళీ ఎందుకే? నీ జన్మలో ఇంత బాగా ఎప్పుడన్నా చేశావా? సినిమావాళ్ళు కళ్ళకద్దుకుంటారు!"

ఆమె ఫోటో లాక్కుని, చీరకొంగుతో తుడిచి, కూతురి చేతిలో పెట్టబోయింది.

"పోనీ, ఇదే తీసుకెళ్ళవే."

కూతురు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దమ్మా. ఒక్కదాన్నే ఉన్నప్పుడు చూస్తే భయమేస్తుంది."