కేసాంగ్ రాసి ఉంచిన మాట

టాటానగర్‌లోని భాలుబాసా పేటలో సింహాచలమ్మ చేతి ఇడ్లీ తిననివాళ్లు తక్కువ. ముప్పై ఏళ్లుగా ఇంటి ముందే అమ్ముతోంది. పలాస దాటి ఇటు వచ్చాక ఆమె ఎరిగిన దూరమల్లా పక్కనున్న గమ్హరియా; భర్త పోలరాజు అక్కడి కార్ఖానాలో పనిచేసేవాడు. అలాంటి మనిషి యాభై ఎనిమిదో ఏట, సిక్కిం మంచుకొండల్లో ఉన్న లాచెన్‌కి వెళ్తానని కూచుంది.

కారణం లేకపోలేదు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఏడాది పోలరాజు ఆసుపత్రిలో పోయాడు. ఇంటివాళ్లనెవర్నీ లోపలికి రానివ్వలేదు. ఆ సాయంత్రం ఒక నర్సు ఫోన్ చేసి, "అమ్మా, ఆయన ఒంటరిగా పోలేదు. చివరిదాకా నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను," అని హిందీలో చెప్పింది. ఆ పిల్ల పేరు కేసాంగ్. ఆ ఫోనే రాకపోతే తనకి పిచ్చెక్కిపోయేదని సింహాచలమ్మ ఇప్పటికీ అంటుంది. కాస్త తేరుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి, కేసాంగ్ ఉద్యోగం మానేసి సొంతూరు లాచెన్ వెళ్లిపోయింది. పండగలకి ఫోన్లు మాత్రం సాగాయి.

"ఫోన్ మే థ్యాంక్స్ బోల్ దియా నా, మా," అంది కూతురు ఉమామహేశ్వరి.

"ఫోన్లో సెప్పీసి ఊరుకుంటే అదేటి మరియాదే? ఆ పిల్ల మీ నాన్న సెయ్యి ఒగ్గనేదు. ఆ సెయ్యి నాను ఓపాలి పట్టుకోవాల."

కూతురు రెండు టికెట్లు తీసింది.

టాటానగర్ నుంచి రైలు, ఆపైన జీపులు మారి సిక్కింలోని మంగన్ చేరారు. కొండవాలున ఒక్క బజారువీధి ఉన్న ఊరు. లాచెన్ వెళ్లే పర్మిట్ కాగితాలు అక్కడే చేయించుకున్నారు. తీరా బయల్దేరబోతే, పైన కొండచరియ పడి రోడ్డు మూసేశారన్నారు. రెండు రోజులు ఆగాల్సి వచ్చింది. చలికి సింహాచలమ్మకి దగ్గు పట్టుకుంది. లాడ్జి నడిపే ఆవిడ పెద్ద యాలకులు మరిగించిన నీళ్లు పూటపూటా తెచ్చి దగ్గరుండి తాగించింది. ముక్కూమొహం తెలియని మనిషి అంత చేస్తుంటే సింహాచలమ్మకి కళ్లు చెమర్చాయి. మూడో రోజు చరియ పడ్డచోట కాలినడకన దాటి, అవతల ఇంకో జీపెక్కారు.

లాచెన్‌లో కేసాంగ్ రోడ్డు మీదే ఎదురుచూస్తోంది. ఇన్నేళ్లూ గొంతు మాత్రమే తెలిసిన మనిషి. సింహాచలమ్మ ఆ పిల్ల కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది.

ఇంట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టి, కేసాంగ్ తల్లి ఉప్పు వేసిన వెన్న టీ ఇచ్చింది. కేసాంగ్ లోపల్నుంచి పాత డైరీ తెచ్చింది. "ఆయన చివర్లో మీ భాషలో ఒక మాట రెండుమూడుసార్లు అన్నారు. విన్నది విన్నట్టు రాసుకున్నాను. ఫోన్లో తప్పు పలుకుతానేమోనని చెప్పలేదు," అని, అక్షరం అక్షరం కూడదీసుకుని చదివింది. "సిమ్మాచలం... గేసు... కట్టీసినావేటి?"

ఇంటికి తాళం వేసి నాలుగడుగులు పడ్డాయో లేదో, పోలరాజు ఎప్పుడూ అడిగే మాట అది. స్టవ్ ఆర్పావా అని. సింహాచలమ్మ ప్రతిసారీ విసుక్కునేది.

ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపు.

"మంత్రం కాదా అమ్మా?" కేసాంగ్ కంగారుపడింది. "మా ఊరి బౌద్ధ మఠం, గుంపాలో ఆయన పేరున దీపం పెట్టినప్పుడల్లా ఇదే చదువుతున్నాను!"

ఉమామహేశ్వరి అర్థం చెప్పేసరికి ఇంటిల్లిపాదీ విరగబడి నవ్వారు.

"బయపడతా పోనాడేమో అని ఇన్నాళ్లూ కుమిలిపోనానమ్మా," అంది సింహాచలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ. "నేదు. మావిద్దరం ఏ ఊరో బయలెల్తన్నాం అనుకున్నాడు. నీ దయవల్ల తెలిసింది తల్లీ."

నాలుగు రోజులున్నారు. గుంపాలో ఆమే దీపం వెలిగించింది. కేసాంగ్ తల్లితో కలిసి చేలో బంగాళాదుంపలు నాటింది.

ఇప్పుడు ఆదివారం ఆదివారం లాచెన్‌కి ఫోన్ వెళ్తుంది. కేసాంగ్ అక్కడి ఆసుపత్రిలో డ్యూటీలో ఉంటే తల్లి ఎత్తుతుంది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఆ ఇద్దరూ పావుగంటకి తక్కువ మాట్లాడుకోరు.