టైలరు మెడ మీది తిత్తి

మా వీధి టైలరు కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. మిషను తొక్కకపోయినా మోకాలు ఆడుతూనే ఉంటుంది. మెడ వెనక బఠాణీగింజంత కంతి పదేళ్లనుంచీ ఉంది. మెడలో వేలాడే టేపు దాన్ని రోజంతా రాసుకునేది, ఆయన పట్టించుకుంటేనా! అది గోళీకాయంత అయ్యాక మాత్రం చెయ్యి అక్కణ్ణుంచి దిగడం మానేసింది.

ఆ కంగారులో నా చొక్కాకి రెండూ ఎడమచేతులే కుట్టి పెట్టాడు.

"ఏమయ్యా, నాకు కుడిచెయ్యి లేదనుకున్నావా?"

"తప్పైపోయింది మాస్టారూ. మా నాన్న మెడమీద గడ్డతోనే పోయాడు. ఇదీ అదేనేమోనని..." చెయ్యి మళ్లీ మెడ వెనక్కి పోయింది.

డాక్టరుకి చూపించమన్నాను. వింటేగా! సూది మంటలో కాల్చి, రెండు అద్దాలు పెట్టుకుని, తనే గుచ్చుకున్నాడు. కంపుకొట్టే తెల్లటి ముద్ద ఏదో వచ్చింది, కంతి అణిగింది. నాలుగో రోజుకి ఎర్రగా వాచి కూర్చుంది. ఎవరైనా పిలిస్తే మెడ తిరగక మనిషంతా తిరిగేవాడు.

"గుడ్డకీ మెడకీ తేడా తెలీదా మీకు? నడవండి!" అని భార్య ఆస్పత్రికి లాక్కెళ్లింది. నేను ఆగగలనా, వెనకే వెళ్లాను.

డాక్టరమ్మ చూసి, "మామూలు తిత్తిలాగే ఉంది. చర్మం కింద చిన్న సంచీ అనుకోండి. లోపలిది తీసేసినా సంచీ ఉంటే మళ్లీ నిండుతుంది. మీరు గుచ్చి చీము కూడా పట్టించారు. ముందు మందులతో వాపు తగ్గనిద్దాం, తర్వాత సంచీతో సహా తీసేద్దాం" అంది.

"జేబు దులిపితే చాలదు, జేబే ఊడదీయాలంటారు. చెడ్డది కాదు కదమ్మా?"

"అనిపించడం లేదు. అయినా తీసింది పరీక్షకు పంపుతాం."

నెల తర్వాత, ఆ చోటికి మాత్రం మత్తిచ్చి తీశారు. రిపోర్టుకి పది రోజులు. కాలు కాలిన పిల్లిలా కొట్టుకీ ఇంటికీ తిరిగాడు. గంటకోసారి భార్య ముందు మెడ వంచి, "కుట్లెలా పడ్డాయే?"

"మీకంటే నయం. అన్నీ సమానంగా ఉన్నాయి."

పదోరోజు డాక్టరమ్మ కుట్లు విప్పుతూ, "మామూలు తిత్తే. భయం లేదు" అంది.

"ఇంకోసారి చెప్పండమ్మా."

చెప్పింది. మూడోసారి భార్య చెప్పింది.

ఆ సాయంత్రమే నా చొక్కా అడిగి తీసుకుని, ఎడమచెయ్యి ఒకటి ఊడదీశాడు. టేపు మెడలో కాదు, మేకుకి వేలాడుతోంది. మోకాలు మాత్రం ఆడుతూనే ఉంది.