మంచికీ చెడుకీ నడిమి కబురు

బురుల్ మొదట కాన్పుల వార్డులో నర్సు. అప్పట్లో ఆమెది నడక కాదు, పరుగు. లోపల బిడ్డ ఏడుపు వినిపించగానే తలుపు తోసుకుని వరండాలోకి దూసుకొచ్చేది. చెక్క బల్లల మీద కునుకుతున్న అత్తలూ అవ్వలూ ఉలిక్కిపడి లేచేవాళ్లు.

"కానుక! ముందు కానుక తీయండి, తర్వాతే చెప్తా!" అని అరిచేది.

మంచి కబురు తెచ్చినవాళ్లను వట్టి చేతుల్తో పంపడం ఆ కొండల్లో ఎరగరు. బురుల్‌కు తలగుడ్డలు వచ్చేవి, మిఠాయి పొట్లాలు వచ్చేవి. ఒకసారి అలాయ్ కొండల నుంచి వచ్చిన ముసలాయన ఒకడు, ఏడుగురు ఆడపిల్లల తర్వాత మనవడు పుట్టాడన్న మైకంలో, బతికున్న కోడిపుంజును ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అది రెండు రోజులు మందుల గదిలో కూసింది.

ఆ ఆస్పత్రిలోనే పై అంతస్తులో రొమ్ము కాన్సర్ వార్డు ఉంది. మందుల డాక్టరు నర్గిజా ఒకరోజు మెట్లు దిగి వచ్చి, "బురుల్ అక్కా, మీ మాట ఆడవాళ్లు వింటారు. పైకి వచ్చేయండి" అంది. బురుల్ వెళ్లింది. వెళ్లాక మొదట తెలిసిందేమిటంటే, ఆ వరండాలో పరిగెత్తకూడదు. పరిగెత్తే నర్సును చూస్తే అక్కడి బల్లల మీది ఆడవాళ్ల ముఖాలు ఆరిపోతాయి, గాలికి దీపాల్లా.

అంతకుముందు ఆ వార్డులో పద్ధతి వేరు. శస్త్రచికిత్స చేసే డాక్టరు కెంజెబెక్ ఒక్కడే చూసేవాడు, ఒక్కడే కోసేవాడు. చెప్పాల్సింది భర్తకో అన్నకో వరండా మలుపులో గొంతు తగ్గించి చెప్పేవాడు. తన ఒంట్లో ఏముందో అందరికన్నా తక్కువ తెలిసి ఇంటికి వెళ్లేది ఆ ఒంటి సొంతదారు. నర్గిజా దానికి ఒప్పుకోలేదు. ఆమె పోరు పడలేక కెంజెబెక్ ప్రతి గురువారం అందరితో ఒకే బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. కోసే చెయ్యి, మందు ఎక్కించే చెయ్యి, రేడియేషన్ కిరణాలు పెట్టే చెయ్యి, మైక్రోస్కోపు కింద కండ ముక్కను చదివే వాలెంతీనా పెట్రోవ్నా కళ్లు. గోడ మీద వెలిగే ఎక్స్‌రే చిత్రాల్లో రొమ్ములు పొగమంచు కమ్మిన లోయల్లా ఉండేవి. ఆ మంచులో ఎక్కడో ఒక తెల్లటి మెరుపు. దాని గురించే అందరి మాటలూ. అందరూ మాట్లాడాక నర్గిజా, "ఇప్పుడు చిత్రంలో లేనిది చెప్పండి" అని బురుల్ వైపు తిరిగేది.

బురుల్ చెప్పేది. ఈమెది ఏ ఊరు, దారి వానకు కొట్టుకుపోతుందా, ఇంట్లో నీళ్ల బకెట్లు ఎవరు మోస్తారు, ఎవరికి చెప్పుకుని ఏడుస్తుంది.

ఆ వసంతంలో, ఆస్పత్రి ఉన్న ఓష్ పట్నం వీధుల్లో చెట్ల కింద మల్బరీ పళ్లు రాలి చెప్పులకు అంటుకుంటున్న రోజుల్లో, అనార్‌కాన్ వచ్చింది. అలాయ్ కొండల మనిషి. యాభై దాటింది. ఆవు డొక్కకు ఆనుకుని పాలు పితుకుతుంటే ఎడమ రొమ్ములో ఏదో గట్టిగా తగిలిందట. నొప్పి లేదు కాబట్టి మరిచిపోదామనుకుంది. ఓష్‌లో రొట్టెల పొయ్యి నడిపే ఆడపడుచు జూరా మరిచిపోనివ్వలేదు. భర్త అప్పటికే మందను తోలుకుని కనుమ దాటి పైనున్న మేత బీళ్లకు వెళ్లిపోయాడు. శనివారం లారీకి అనార్‌కాన్ కూడా వెళ్లాలి. వేసవంతా అక్కడే. గుర్రపు పాలు, వెన్న, ఎండబెట్టే పెరుగు ఉండలు, అన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి.

గురువారం బల్ల దగ్గర వాలెంతీనా పెట్రోవ్నా కళ్లజోడు తీసి, "కాన్సరే. కానీ మందుకు లొంగే రకం" అంది. ఎక్స్‌రే చిత్రాలు చదివే డాక్టరు ఇంకెక్కడికీ పాకలేదన్నాడు. ముందు మందు ఎక్కించి గడ్డను చిన్నది చేద్దామని నర్గిజా, ఆ తర్వాత కోస్తే రొమ్ము చాలావరకు నిలుస్తుందని కెంజెబెక్ అన్నారు.

"ఇప్పుడు మొదలుపెడితేనే. పైకి వెళ్లి ఆకురాలే కాలానికి దిగివస్తే నేనీ మాట అనలేను" అంది నర్గిజా.

బురుల్‌కు ఆ మాట తెలుసు. వేసవి కానిచ్చి వస్తామని కొండెక్కినవాళ్లను ఆమె చూసింది. దిగి వచ్చాక కూడా చూసింది. శనివారం లారీలో అనార్‌కాన్ ఎక్కకూడదు. అంతే కావాలి ఆమెకు.

అయితే జూరా వాళ్లను తలుపు దగ్గరే ఆపేసింది. "మా వదినకు చెప్పొద్దు. పాలగడ్డ అనండి. నిజం తెలిస్తే ఆ భయంతోనే పోతుంది."

కెంజెబెక్ గడ్డం గోక్కున్నాడు. "ఇంటివాళ్లే వద్దంటుంటే..."

"ఆమెకు చెప్పకుండానే ఆమె జుట్టు రాలగొడతారా డాక్టరుగారూ?" అంది బురుల్. "పాలగడ్డకు బోడిగుండు ఎందుకని అడిగితే మీరే చెప్పుకోండి."

ఆయన నవ్వేశాడు. జూరా కూడా ముక్కు చీదుకుంటూ తలాడించింది. "సరే, చెప్పండి. మెల్లగా చెప్పండి. పద్ధతిగా చెప్పండి."

బురుల్ పద్ధతిగానే ఏర్పాటు చేసింది. కిటికీ ఉన్న గది తీసుకుంది. టీ కాచింది. ఎందుకైనా మంచిదని చల్లటి నీళ్ల గిన్నె పక్కన పెట్టింది. అనార్‌కాన్‌ను మధ్యలో కూర్చోబెట్టి, కుడివైపు జూరాను, ఎడమవైపు నర్గిజాను కూర్చోమంది. మోచెయ్యి పట్టుకుని ఉండమని జూరాకు సైగ చేసింది. అందరిలో పెద్దవాడు కాబట్టి కెంజెబెక్ ఎదురుగా కూర్చున్నాడు, బరువైన మాట ముందున్నవాడిలా తల వంచుకుని. తన తల్లి ఎక్కడైనా కష్టమైన మాట చెప్పాల్సి వస్తే ఎలా ఉండేదో బురుల్‌కు ఒంట్లోనే ఉంది. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి.

"అక్కా," అని మొదలుపెట్టింది, మంచు మీద అడుగేసినట్టు. "ఈ ఏడు చలి పోనే లేదు కదా. కనుమ మీద ఇంకా మంచు గడ్డకట్టే ఉందంట."

"ఆఁ, ఉందంట," అంది అనార్‌కాన్.

"నీది గట్టి గుండె అని జూరా చెప్పింది. నీ పిల్లలూ పెద్దవాళ్లయ్యారు. నీకు అండగా ఉంటారు."

జూరా వెక్కింది.

అనార్‌కాన్ జూరాను చూసింది. తన మోచేతి మీది వేళ్లను చూసింది. నీళ్ల గిన్నెను చూసింది. తల వంచుకున్న పెద్దమనిషిని చూసింది. లేచి గోడ వైపు తిరిగింది. రెండు చేతులూ నడుముకు ఆనించుకుంది. ఆ చిన్న గదిలో, టీ ఆవిరి మధ్య, కొండ ఆడవాళ్లు వందల ఏళ్లుగా మోస్తున్న ఆ పొడవాటి శోకాల గొంతు లేచింది.

*"కనుమ మీది మంచుకే దారి చూపినవాడా,*
*నీ గుర్రం వాకిట్లో నిలిస్తే నేనేమని చెప్పను?*
*ఇన్నేళ్ల కాపురంలో గొంతెత్తి ఎరగనివాడా,*
*నా మాటకు ఒక్కనాడూ ఎదురాడనివాడా..."*

నర్గిజా ఓష్ పట్నంలో పుట్టిన ఉజ్బెక్ పిల్ల, కొండల పద్ధతులు ఎరగదు. ఏం జరుగుతోందో ఆమెకు అర్థం కాలేదు. జూరా మాత్రం ఏడుపు ఆపి తలెత్తింది.

"మా అన్న? ఎదురాడలేదా? మా అన్నేనా?"

అప్పుడు తెలిసింది బురుల్‌కు. ఆ కొండల్లో మనిషి పోయిన కబురు ఒక్కరు వచ్చి చెప్పరు. పెద్దలు కలిసి వస్తారు. మధ్యలో కూర్చోబెడతారు. అటూ ఇటూ పట్టుకుంటారు, నీళ్లు దగ్గర పెట్టుకుంటారు, వాతావరణం దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరిగి చెబుతారు. తను ఒక్కటీ మరవకుండా అదంతా చేసింది. పైగా కనుమ పేరెత్తింది.

"అక్కా! ఆపక్కా! ఆయన బతికే ఉన్నాడు!"

పాట తెగింది. అనార్‌కాన్ కన్నీళ్లతోనే తిరిగింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఎవరూ పోలేదు!"

"మరి ఈ నీళ్లేంది? ఈ పట్టుకోవడమేంది? ఈ పెద్దాయన తలకాయ ఎందుకట్టా వేలాడేసుకున్నాడు?"

కెంజెబెక్ గబుక్కున తలెత్తాడు.

"ఎవరూ పోలేదక్కా. నీకు రొమ్ము కాన్సర్!"

ఒకప్పుడు వరండాలో అరిచిన గొంతే అది. బురుల్‌కే వినపడి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నాకా?"

"నీకే."

"పిల్లల తండ్రికి ఏం కాలేదా?"

"ఏం కాలేదు. గొర్రెలు కాస్తున్నాడు."

అనార్‌కాన్ కుర్చీలో కూలబడింది. నీళ్ల గిన్నె అందుకుని గటగటా తాగేసింది. పైట చెంగులాంటి తలగుడ్డ కొసతో ముఖం తుడుచుకుంది. "ఆ ముక్క ముందే చెప్పవేందే, దిక్కుమాలిన దానా! నా గుండె ఆపేశావు గదే!" అని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు జూరాకు అంటుకుంది, తర్వాత నర్గిజాకు, చివరికి కెంజెబెక్‌కు.

"ఎదురాడనివాడా, అంట! మా అన్నకు చెప్తానుండు వదినా."

"చెప్పావంటే నీ పొయ్యిలోనే నిన్ను కాల్చి రొట్టె చేస్తా."

బురుల్ కూడా నవ్వింది. కానీ నవ్వు ఎక్కడికి వెళ్తుందో ఆమెకు తెలుసు. మంచు కరిగిన వాగులా అది పల్లానికి దిగి, ఒక చోట ఆగింది. అనార్‌కాన్ చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ రొమ్ము మీదికి వెళ్లింది. కిటికీ అవతల మల్బరీ చెట్టు మీద పిల్లలెవరో కొమ్మలు ఊపుతున్నారు.

"పోతానా?" అంది నేల చూస్తూ.

నర్గిజా కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మాట ఇవ్వలేనక్కా. కానీ ఇది వేరే చోటికి పాకలేదు. ఇప్పుడే మొదలుపెడితే బాగయ్యేవాళ్లే ఎక్కువ. ముందు మందు. దానికి గడ్డ కరుగుతుంది. జుట్టు పోతుంది, మళ్లీ వస్తుంది. తర్వాత ఈయన కోస్తారు. తర్వాత కిరణాలు."

"పూర్తిగా తీసేస్తావా బాబూ?"

"ఇప్పుడు మొదలుపెడితే చాలావరకు ఉంచుతాననుకుంటున్నా" అన్నాడు కెంజెబెక్.

"పాలు తాగేవాళ్లంతా ఎప్పుడో పెళ్లిళ్లు చేసుకున్నారు. దాన్నేం చేసుకోను?" అంది అనార్‌కాన్. తర్వాత గొంతు తగ్గించి, "ఉంచగలిగితే ఉంచు," అంది.

తర్వాత బేరం మొదలైంది. మందు ఎక్కించుకుని మధ్యలో కొండకు పోయి వస్తానంది. "జ్వరమొస్తే అంత ఎత్తున నేనెక్కడ దొరుకుతాను నీకు?" అంది నర్గిజా. వెన్న ఎవరు చిలుకుతారంది. శనివారం లారీ సంగతి ఆమె ఎత్తలేదు, వాళ్లూ ఎత్తలేదు. ఆలోచించుకుంటానని లేచి వెళ్లి, వార్డు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ మధ్యాహ్నం బురుల్ టీ గిన్నెలు కడుగుతూ చాలాసేపు ఉండిపోయింది. పుట్టిన కబురుకు పరుగు ఉంది, పోయిన కబురుకు చుట్టుదారి ఉంది. 'జబ్బు పెద్దదే, కానీ నువ్వు బతకొచ్చు' అనే కబురుకు ఈ కొండల్లో అప్పటికింకా ఏ పద్ధతీ పుట్టలేదు. ఇన్నేళ్ల తర్వాత, ఇప్పుడైతే ఆమె దగ్గర ఒకటుంది. నీళ్ల గిన్నె పెట్టదు. తెల్ల కోట్లను ఒక్కసారిగా తీసుకెళ్లదు. తనొక్కతే వెళ్లి మంచం పక్కన కూర్చుంటుంది. "అక్కా, మీ ఇంట్లో అందరూ క్షేమం. ఈ మాట నీ గురించి" అంటుంది. ఆ తర్వాత పేరు పెట్టి జబ్బు మాట చెబుతుంది. ఆ తర్వాత ఆగుతుంది. ఆగడం నేర్చుకోవడానికే ఆమెకు ఎక్కువ కాలం పట్టింది. డాక్టర్లు ఒక్కొక్కరుగా వస్తారు, అడిగినప్పుడు. కొత్తగా చేరిన డాక్టర్లు ఇదేదో పెద్ద చదువులో నేర్చుకున్నదనుకుంటారు. కెంజెబెక్ మాత్రం నవ్వి ఊరుకుంటాడు.

ఆ రోజు ఎండ వాలుతుండగా బురుల్ మళ్లీ అనార్‌కాన్ మంచం దగ్గరికి వెళ్లింది. ఆమె పడుకుని లేదు. ఒళ్లో ఫోను పెట్టుకుని కూర్చుంది. ఈ వేళకు భర్త గుట్ట ఎక్కుతాడట. అక్కడ తప్ప సిగ్నల్ ఉండదు.

"నేను చెప్పనా అక్కా?" అంది బురుల్. "ఆయనకు."

అనార్‌కాన్ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వా? అమ్మా తల్లీ! నువ్వు చలి గురించి మొదలుపెడతావు, ఆయన నేను పోయాననుకుని గుర్రం మీంచి పడతాడు. జరుగు."

ఫోను కలిసింది. మొదట గాలి మాత్రమే వినిపించింది. గాలి, దూరంగా ఒక కుక్క మొరుగు.

"ఇదిగో, విను," అంది అనార్‌కాన్. వీపు నిటారుగా పెట్టింది. "ముందే చెప్తున్నా, ఎవరూ పోలేదు. మాట్లాడేది నేనే. నాకు..." అని ఆగింది. "నాకు రొమ్ము కాన్సర్ వచ్చింది. ఆఁ. కాన్సర్. గట్టిగా అరవకు, వినపడుతోంది. మందుంది. మంచివాళ్లే ఉన్నారిక్కడ, కొంచెం తిక్కవాళ్లు."

అవతల మళ్లీ గాలి. తర్వాత ఏదో అడిగాడు.

"లేదు. శనివారం రాను," అంది ఆమె. కళ్లు నిండాయి, గొంతు మాత్రం చెక్కు చెదరలేదు. "ఈ వేసవికి రాను. జూరా దగ్గరుంటా. వెన్న నువ్వే చిలుకు. ఎట్టాగేంది? ఇన్నేళ్లు పక్కన కూర్చుని తినలేదా? మీగడ మరీ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టకు. కాసేపు ఎండలో పెట్టు. చెయ్యి నొప్పి పుడుతుంది. పుట్టినా ఆపకు. ఆపావంటే వెన్న విడిపోదు..."